ముందు ఇల్లు చూడండి, తరువాతే కుక్క

(పదవ తరగతి విద్యార్థిని, హోసూరు)

ఈ మధ్య మా తరగతిలో ఎవరిని కదిలించినా కుక్కల మాటే. ఒకరికి హస్కీ కావాలట. ఒకరికి గోల్డెన్ రిట్రీవర్ కావాలట. ఇంకొకరికి వాళ్ళ మామ బెంగళూరు నుంచి పగ్ తెచ్చిస్తానన్నాడట. ఏది ఖరీదైనది, ఏది ఫోటోలో బాగా పడుతుంది, ఏది తెస్తే వీధంతా తిరిగి చూస్తుంది అని లెక్కలు వేస్తున్నారు. "మీ ఇంట్లో దాన్ని ఎవరు చూసుకుంటారు?" అని నేను అడిగితే మాత్రం నన్నే వింతగా చూస్తారు. "అమ్మ ఉంది కదా!" అంటారు.

ఆ ఒక్క జవాబే నా చేత ఈ వ్యాసం రాయిస్తున్నది.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. కుక్కను పెంచుకోవడం తప్పు కాదు, చాలా మంచి పని. కానీ మనం తలకిందులుగా చేస్తున్నాం. ముందు జాతిని కోరుకుని, తరువాత దాన్ని ఇంట్లో ఇరికిస్తున్నాం. చేయవలసింది ముందు ఇంటిని చూడడం. ఎంత చోటు ఉంది, ఎవరు ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు, ఎవరికి ఓపిక ఉంది, ఎంత ఖర్చు పెట్టగలం అని చూసుకోవాలి. అలా చూసుకుంటే మనలాంటి చాలా ఇళ్ళకు సరిపోయేది మన వీధిలోనే పుట్టిన నాటు కుక్క అని తెలుస్తుంది. కొన్ని ఇళ్ళకు ఏ కుక్కా సరిపోదని కూడా తెలుస్తుంది. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. ఫరవాలేదు, చదివి కోప్పడండి.

జాతి అంటే బొచ్చూ రంగూ అని మనం అనుకుంటున్నాం. కాదు. జాతి అంటే పని. ప్రతి జాతినీ మనుషులు ఏదో ఒక పని కోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచారు. ఆ పని ఆ కుక్క ఒంట్లో ఉంటుంది. మనం కొని తెచ్చినంత మాత్రాన పోదు.

హస్కీనే తీసుకోండి. అది ఉత్తర సైబీరియాలో చుక్చీ అనే ప్రజలు మంచు మీద బండ్లు లాగడానికి పెంచిన కుక్క. 1925లో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్ళో పిల్లలకు గొంతువాపు జబ్బు, అదే డిఫ్తీరియా వస్తే, మందు తీసుకెళ్ళడానికి వేరే దారి లేక కుక్కల బండ్ల మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా మంచులో మోసుకెళ్ళారు. ఒక బండి నుంచి ఇంకో బండికి మందు అందించుకుంటూ ఐదున్నర రోజుల్లో చేర్చారు. ఆ కుక్కలకు చేతులెత్తి దండం పెట్టవచ్చు. అయితే అలాంటి వంశంలో పుట్టినదాన్ని తెచ్చి మెట్ల కింద ఇనుప గొలుసుతో కట్టేస్తే అది ఏం చేస్తుంది? ఊళ పెడుతుంది. తలుపు కొరుకుతుంది. చెప్పులు చింపుతుంది. గేటు తెరిస్తే చాలు, పారిపోతుంది. అప్పుడు మనం దానికి "పొగరు" అని పేరు పెడతాం. అది చేసే తప్పేమీ లేదు. పరుగెత్తడానికి పుట్టినదాన్ని కట్టేసింది మనం.

లాబ్రడార్ అందరూ మెచ్చే కుక్క. పిల్లలతో బాగా ఉంటుంది, మాట వింటుంది, నిజమే. దాని పూర్వీకులు కెనడా దగ్గరి న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల కుక్కలు. చల్లటి నీళ్ళలో ఈది వలలూ చేపలూ పట్టుకొచ్చేవి. అందుకే దానికి అంత బలం, అంత ఉత్సాహం, అంత ఆకలి. ఆ ఆకలి గురించి 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక సంగతి కనిపెట్టారు. దాదాపు నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఒక జన్యువులో చిన్న ముక్క ఉండదు. దానివల్ల వాటికి తిండి మీద ధ్యాస మిగతావాటికన్నా ఎక్కువ, బరువు కూడా ఎక్కువే. ఇప్పుడు మన ఇళ్ళలో జరిగేది చూడండి. అది అలా కళ్ళలోకి చూస్తుంటే అవ్వ ఒక బిస్కెట్ వేస్తుంది, తాత ఒక ఇడ్లీ వేస్తాడు, చెల్లెలు తన టిఫిన్ సగం వేస్తుంది. నడక మాత్రం ఉండదు. రెండేళ్ళకు అది పీపాలా తయారై, నాలుగేళ్ళకు తుంటి నొప్పితో లేవలేకపోతుంది. "జాతి కుక్క కదా, బలంగా ఉంది" అని మనం మురిసిపోతుంటాం.

సెయింట్ బెర్నార్డ్ ఆల్ప్స్ కొండల మీది కుక్క. మంచులో దారి తప్పినవాళ్ళను వెతకడానికి అక్కడి మఠంలో సన్యాసులు పెంచారు. పెద్ద మగవాడి బరువు ఉంటుంది. జర్మన్ షెపర్డ్ గొర్రెల మందలు కాసిన కుక్క, పోలీసులతో పనిచేసే కుక్క. రోజంతా ఏదో ఒక పని చెప్పకపోతే దానికి తోచదు. ఇవన్నీ వాటి వాటి చోట్లలో గొప్పవే. మనం వాటిని తెచ్చి పెట్టే చోటు మాత్రం గొప్పది కాదు.

ఇక పగ్. ఈ కుక్క మన దేశంలో ఇంతగా ఎందుకు వ్యాపించిందో మా అమ్మానాన్నల వయసు వాళ్ళకు బాగా తెలుసు. 2003లో హచ్ అనే ఫోన్ కంపెనీ ప్రకటనలో ఒక చిన్న పగ్ ఒక పిల్లవాడి వెంట ఎక్కడికి వెళ్ళినా నడుచుకుంటూ వెళ్తుంది. అంతే, ఊరూరా పగ్ కావాలన్నారు. కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. ముక్కు చదునుగా, గొంతు ఇరుకుగా ఉన్న పగ్‌కు ఆ దారి కూడా సగం మూసుకుపోయింది. అది గురక పెడుతుంటే మనం "ఎంత ముద్దుగా ఉందో" అంటాం. అది ముద్దు కాదు, ఊపిరి ఆడకపోవడం. ఎండలో పది నిమిషాలు ఆడించినా దాని ప్రాణం మీదికి రావచ్చు. అందం పేరు చెప్పి ఒక ప్రాణికి ఊపిరి అందకుండా పుట్టించడం, దాన్ని మనం డబ్బిచ్చి కొనడం, ఇది ప్రేమ అంటే నేను ఒప్పుకోను.

"మా హోసూరు చల్లని ఊరు కదా, మద్రాసు లాగ కాదు కదా" అని కొందరు నాతో వాదించారు. చలికాలంలో చల్లనే. ఏప్రిల్, మే నెలల్లో 35 డిగ్రీలు దాటిన రోజులు మనం ఎన్ని చూడలేదు? రేకుల కప్పు కింద మనమే ఉండలేకపోతుంటే, ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉన్న కుక్క ఎలా ఉంటుంది? "ఏసీ పెడతాం" అంటారు. కరెంటు పోయినప్పుడో? అసలు మన ఇళ్ళలో ఎన్నింట్లో అవ్వకూ తాతకూ ఏసీ ఉంది, కుక్కకు పెట్టడానికి?

సినిమాల సంగతి కూడా చెప్పాలి. 2022లో వచ్చిన "777 చార్లీ" కన్నడ సినిమాను మా ఊళ్ళో చాలామంది చూశారు, ఏడ్చారు. బయటికి వచ్చి "నాకూ లాబ్రడార్ కావాలి" అన్నారు. ఆ సినిమాలో చార్లీ ఎక్కడి నుంచి వస్తుంది? కుక్కలను బోనుల్లో పెట్టి పిల్లల్ని కనిపించి అమ్ముకునేవాడి దగ్గర నుంచి తప్పించుకుని వస్తుంది. దగ్గరి రక్తంలో పుట్టించడం వల్ల జబ్బుతో బాధపడుతుంది. సినిమా చెప్పింది "అలా కొనకండి" అని. మనకు వినిపించింది "కొనండి" అని!

అమ్మేవాళ్ళ దగ్గర నుంచి మా బంధువుల ఇంటికి వచ్చిన పిల్ల గురించి చెబుతాను. దాదాపు ముప్పై రోజుల పిల్లను, "నలభై ఐదు రోజులైంది, టీకాలన్నీ వేశాం" అని చెప్పి అమ్మారు. కాగితం అడిగితే "రేపు వాట్సాప్‌లో పంపిస్తాం" అన్నారు. తల్లిని చూపించమంటే "అది వేరే ఊళ్ళో ఉంది" అన్నారు. వారం లోపల వాంతులు, రక్త విరేచనాలు. పార్వో అని డాక్టరు చెప్పారు. తొమ్మిదో రోజుకు చనిపోయింది. ఏడేళ్ళ మా మామ కూతురు దాని కోసం రెండు రోజులు అన్నం తినలేదు. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం కుక్కపిల్లలను పుట్టించి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నిబంధన ఉంది. అడిగేవాళ్ళే లేరు. మనం అడగకుండా డబ్బు ఇచ్చినన్నాళ్ళూ వాళ్ళు అలాగే అమ్ముతారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. "అమ్మ ఉంది కదా!"

కుక్క పది పన్నెండేళ్ళు, కొన్ని అంతకన్నా ఎక్కువ బతుకుతుంది. నాకు ఇప్పుడు పదిహేనేళ్ళు. ఈరోజు ఒక పిల్లను తెస్తే అది ముసలిదయ్యేటప్పటికి నాకు ఇరవై ఏడు. మధ్యలో నేను ప్లస్ టూ చదవాలి, కాలేజీకి ఏ కోయంబత్తూరో బెంగళూరో పోవాలి, ఉద్యోగం చేయాలి. మగపిల్లలైనా అంతే. మరి అది ఎవరి దగ్గర ఉంటుంది? ఎవరు పొద్దున్నే లేచి తిప్పుతారు? ఎవరు ఒంటికీ రెంటికీ బయటికి తీసుకెళ్తారు? ఎవరు వాకిలి కడుగుతారు? ఇప్పటికే నీళ్ళు పట్టడం, వండడం, కంపెనీ షిఫ్టుకు పోవడం, అవ్వకు మాత్రలివ్వడం అన్నీ చేసే మనిషి మీద ఇంకొక పసిబిడ్డను వేస్తున్నాం. అమ్మ "వద్దు" అంటే "నీకు జాలి లేదు" అంటున్నాం. మా అమ్మ ఒకసారి అన్నది: "కుక్క మీది, చాకిరి నాదా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఇంట్లోకి ఏ జాతి కుక్కా రాకూడదు. ఇది నేను ఆడపిల్లను కాబట్టి అనడం లేదు. నాన్నలూ అన్నలూ కూడా ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

చాకిరి చేయలేకపోయినప్పుడు ఏమవుతుందో మనం రోజూ చూస్తున్నాం. హైవే పక్కన మెడలో పట్టీ ఉన్న కుక్కలు తిరుగుతుంటాయి. పట్టీ ఉందంటే ఒకప్పుడు ఒక ఇంటివాళ్ళు దానికి పేరు పెట్టి పిలిచారని అర్థం. వీధిలో పుట్టిన కుక్కకు లారీ అంటే ఏమిటో, ఎవరి గడప దగ్గర నిలబడాలో తెలుసు. సోఫా మీద పెరిగినదానికి ఏమీ తెలియదు. వదిలేసిన చోటనే, వచ్చే ప్రతి కారునూ చూస్తూ కూర్చుంటుంది.

విదేశీ జాతులు వద్దంటున్నాను కాబట్టి నేను మన దేశవాళీ జాతులను కొనమంటానని కొందరు అనుకోవచ్చు. అక్కడా నాది అదే మాట. ముందు ఇల్లు చూడండి.

మన జాతుల గురించి గర్వపడవలసింది చాలా ఉంది. తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కోంబై ఉన్నాయి. పక్కన కర్ణాటకలో ముధోల్ ఉంది. మహారాష్ట్రలో కారవాన్ హౌండ్ ఉంది. 2005లో తపాలా శాఖ నాలుగు మన కుక్కల బొమ్మలతో స్టాంపులు వేస్తే అందులో రాజపాళయం ఒకటి, ముధోల్ ఒకటి. రాజపాళయం కుక్కతో తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన సంబంధం ఉంది. విరుదునగర్ జిల్లాలోని ఆ ఊళ్ళో కొన్ని వందల ఏళ్ళుగా స్థిరపడిన రాజులు తెలుగు మాట్లాడేవాళ్ళు. మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. వాళ్ళ ఇళ్ళలో, తోటల్లో కాపలాకూ వేటకూ పెరిగిన తెల్లని కుక్క అది. గులాబీ రంగు ముక్కు, పొడుగు కాళ్ళు, చూడడానికి చాలా ఠీవిగా ఉంటుంది.

2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఈ జాతుల పేర్లు చెప్పాక చాలామందికి వీటి మీద మోజు పుట్టింది. మంచిదే. కానీ మోజు మోజే. రాజపాళయం తోటకు పుట్టిన కుక్క. తనవాళ్ళకు ప్రాణమిస్తుంది, కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వదు. రోజూ చుట్టాలూ పాలవాడూ ట్యూషన్ పిల్లలూ వచ్చే ఇంట్లో దాన్ని పెడితే ఇబ్బంది అందరికీ. పైగా ఆ తెల్లదనంతో పాటు కొన్ని పిల్లలకు పుట్టుకతోనే చెవుడు వస్తుంది. చిప్పిపారై, కన్ని, ముధోల్ చూపుతో వేటాడే కుక్కలు. కుందేలును తరిమి పట్టడానికి పుట్టాయి. ఇప్పుడు వేట 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. మరి ఆ కాళ్ళకు పని ఏది? పక్కింటి పిల్లి కనబడితే, ఎదురింటి మేకపిల్ల కనబడితే దాని పుట్టుబుద్ధి ఊరుకోదు. రెండు మూడు ఎకరాల తోట, చుట్టూ కంచె, దానితో పరుగెత్తే మనిషి ఉన్నవాళ్ళు తప్పకుండా తెచ్చుకోండి. సైబీరియా కుక్కను కట్టేయడం పాపమైతే, రాజపాళయం కుక్కను అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేయడం దేశభక్తి అవుతుందా?

ఇక మిగిలింది ఎవరూ అడగనిది, ఎవరూ డబ్బు పెట్టనిది. మన నాటు కుక్క.

దీనికి పుస్తకాల్లో రాసే పేరు చూడండి, "ఇండియన్ పరియా డాగ్". ఒక కులం పేరును తిట్టుగా మార్చి, ఆ తిట్టును కుక్కకు పెట్టారు. తెల్లవాళ్ళు పెట్టిన ఆ పేరును మనం ఇంకా పలుకుతున్నాం. మనుషుల్ని అవమానించే పేరది, వదిలేద్దాం. నాటు కుక్క అంటే చాలు.

నాటు కుక్కను ఎవరూ అందం కోసం ఏరి పుట్టించలేదు. మన ఎండ, మన వాన, మన వీధి దాన్ని ఏరాయి. పొట్టి బొచ్చు, పొడుగు మూతి, నిలబడిన చెవులు, సన్నని ఒళ్ళు. ఎండకు తట్టుకుంటుంది. ఊపిరికి ఇబ్బంది లేదు. సరిపడా బరువే, పది పదిహేను కిలోలో ఇరవైయో. చిన్న పిల్లవాడిని తోసి పడేయదు, అమ్మ చేతిలోని తాడును లాక్కుపోదు. దగ్గరి రక్తంలో పుట్టించే దోషాలు తక్కువ. తిండికి సంచుల్లో వచ్చే ఖరీదైన మేత అక్కరలేదు. మా ఇంట్లో చుక్కికి రాగి సంగటి, గుడ్డు, కొంచెం మాంసం లేదా పప్పు, పెరుగు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం ఏ కుక్కకూ పెట్టకూడదు, అవి విషం. వట్టి పెరుగన్నం పెట్టి "మా కుక్క శాకాహారి" అనడం కూడా సరి కాదు, దానికి మాంసకృత్తులు కావాలి. తెలివి సంగతి అడుగుతారా? "సిట్, కమ్, స్టే" అని ఇంగ్లీషులో చెబితేనే కుక్కకు అర్థమవుతుందని కొందరి నమ్మకం. మా చుక్కి అమ్మ తెలుగులో పిలిచినా వస్తుంది, పక్కింటి అక్క తమిళంలో పిలిచినా వస్తుంది, పాలాయన కన్నడంలో అదిలించినా పోతుంది. మూడు భాషలు తెలిసిన కుక్కను తెలివితక్కువదంటే ఎలా?

మా అవ్వ మాట ఇది: "కుక్క అంటే వాకిట్లో ఉండాల, పెట్టింది తినాల, కొత్తోళ్ళు వస్తే అరవాల. ఇంగేం కావాల మీకు?" పొరుగింటి పుల్లకూర రుచి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

దీనికి వచ్చే పెద్ద ఆక్షేపణ నాకు తెలుసు. "వీధి కుక్కలు కరుస్తున్నాయి, పిల్లలు చనిపోతున్నారు, నువ్వు వాటినే ఇంట్లోకి తెమ్మంటావా?" ఈ భయాన్ని నేను తేలిక చేయను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. బడికి నడిచి వచ్చే చిన్న తరగతుల పిల్లలకు గుంపుగా ఉన్న కుక్కలంటే ఎంత భయమో నేను రోజూ చూస్తున్నాను. ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కానీ ఆలోచించండి. రేబిస్ జాతిని చూసి రాదు. టీకా లేని ఏ కుక్కకైనా రావచ్చు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో దాదాపు కోటి యాభై మూడు లక్షల వీధి కుక్కలు ఉన్నాయి. అందులో ఒక పిల్లను చిన్నప్పుడే ఇంటికి తెచ్చి, టీకా వేయించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే వీధిలో ఒక కరిచే కుక్క తగ్గినట్టా, పెరిగినట్టా? పుట్టబోయే పిల్లలన్నీ తగ్గినట్టే. వేలు పోసి ఇంకొక పిల్లను కొంటే ఆ అమ్మేవాడు మళ్ళీ ఒక ఈత పుట్టిస్తాడు. లెక్క మీరే వేసుకోండి.

కాపలా కోసమని పెద్ద పెద్ద కోర కుక్కలను కోరేవాళ్ళకు ఒక మాట. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 జాతుల అమ్మకాన్నీ పెంపకాన్నీ ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం ఎటు పోయినా ఇంటివాళ్ళ బాధ్యత ఎటూ పోదు. ఇంటికి కావలసిన కాపలా అరవడం, కరవడం కాదు. దొంగ వస్తే కరిచే కుక్క, బంతి కోసం గోడ దూకిన పక్కింటి పిల్లవాడిని కూడా కరుస్తుంది. వాడు దొంగ కాదని దానికి ఎవరు చెబుతారు?

ఇప్పుడు ఇల్లిల్లూ చూద్దాం.

లైన్ ఇళ్ళలో ఒకే గది, అమ్మానాన్నలిద్దరూ సిప్‌కాట్‌లో షిఫ్టుకు పోతారు, పిల్లలు బడికి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాళం. ఈ ఇంటికి ఏ కుక్కా వద్దు. వద్దనుకోవడం నామోషీ కాదు. అది కూడా కుక్క మీద ప్రేమే. వీధి కుక్కకు టీకా వేయించడంలో, దానికంటూ చూపించిన చోట ఒక పూట అన్నం పెట్టడంలో చేయి కలపండి, చాలు.

పల్లెలో వాకిలి, పశువుల కొట్టం, మేకలు, రాత్రి కాపలా ఉన్న ఇల్లు. నాటు కుక్కకు ఇంతకన్నా స్వర్గం లేదు. చిన్నప్పటి నుంచి మేకల మధ్య పెరిగితే వాటికి అలవాటు పడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో తాతా అవ్వా ఇంట్లోనే ఉంటారు, పరుగెత్తలేరు. ఇలాంటి చోటికి రెండు నెలల పిల్ల వద్దు, అది ఇల్లు పీకి పందిరేస్తుంది. మూడు నాలుగేళ్ళు నిండిన, స్వభావం తెలిసిన, నెమ్మదైన నాటు కుక్కను దత్తత తీసుకోండి. చిన్న కుక్కే కావాలంటే ఇండియన్ స్పిట్జ్ ఉంది, మనవాళ్ళు పొమేరియన్ అని పొరపాటుగా పిలిచే తెల్ల కుక్క. "హమ్ ఆప్‌కే హై కౌన్" సినిమాలో టఫీ అదే. మన వాతావరణానికి అలవాటు పడింది. కాకపోతే బాగా అరుస్తుంది, పక్కవాళ్ళను ముందే అడగండి.

ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, బొచ్చు పడకపోవడం ఉంటే ముందు కుక్కలున్న ఇంట్లో రెండు మూడుసార్లు కూర్చుని రండి. తెచ్చాక తిరిగి పంపడం కన్నా ఇది మేలు.

అయినా సరే లాబ్రడారే కావాలంటారా? రోజూ పొద్దునా సాయంత్రం కలిపి గంటకు తక్కువ కాకుండా తిప్పే మనిషి పేరు కాగితం మీద రాయండి. ఆ పేరు అమ్మది కాకూడదు, అమ్మ తానుగా రాస్తే తప్ప. తరువాత, ఎవరో వదిలేసిన లాబ్రడార్‌ను వెతకండి. చాలా ఉన్నాయి. కొనేదైతే తల్లిని చూడకుండా, కాగితాలు చూడకుండా, ఎనిమిది వారాలు నిండకుండా కొనకండి.

ఏ కుక్క అయినా సరే, మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తరువాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. జూలై 6, సెప్టెంబర్ 28 తేదీల్లో పశువుల ఆసుపత్రుల్లో ఉచిత టీకా శిబిరాలు పెడుతుంటారు, కనుక్కోండి. ఎవరినైనా కుక్క కరిస్తే, గీరినా సరే, వెంటనే సబ్బుతో ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోయి సూది మొదలుపెట్టాలి, చెప్పిన అన్ని సూదులూ వేయించుకోవాలి. చిన్నపిల్లలు తిడతారని భయపడి చెప్పరు. "చెబితే తిట్టము" అని అమ్మానాన్నలు ఇప్పుడే వాళ్ళకు మాటివ్వండి.

తోటి విద్యార్థులారా, పుట్టినరోజుకు కుక్కపిల్లను అడగకండి. పుట్టినరోజు ఒక్క రోజు, కుక్క పన్నెండేళ్ళు. అడగాలనుకుంటే ముందు ఒక నెల రోజులు పొద్దున్నే ఐదున్నరకు లేచి, వాన వచ్చినా పరీక్ష ఉన్నా, అరగంట నడిచి రండి. ఆ నెల నిలబడితే అప్పుడు అడగండి.

తల్లిదండ్రులారా, పిల్లల ఏడుపుకు కరిగి గాని, ఎదురింటివాళ్ళు తెచ్చారని గాని తేకండి. ఇంటిల్లిపాదీ కూర్చుని, అవ్వతో సహా, పని పంచుకున్నాకే తేండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. జీవశాస్త్రం పాఠంలో ఒక్క పీరియడ్ మన వీధి కుక్కలకు ఇవ్వండి. పశువైద్యులను ఒకరిని బడికి పిలవండి. ఏ పిల్లకు ఏ టీకా, ఎవరు తీసుకెళ్ళాలి అని మాకు పని అప్పజెప్పండి. మా బడి గేటు దగ్గర పోయిన నెల ఒక కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. జాతి కుక్క కోసం మామలను బెంగళూరు పంపేవాళ్ళు, ముందు ఆ గేటు దాకా నడిచి చూడండి.